నాలుగు చల్లని చక్రాలు

మైటే అరానా పోలీసు యార్డులో ట్రైలరు కిందికి దూరి ఇరవై నిమిషాలైంది. బయటికి కనిపిస్తున్నవి ఆమె బూట్లు మాత్రమే. వాటి పక్కన నిలబడి డిటెక్టివ్ లోవెల్ క్రాండల్ గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై.

"మూడింటికి వాడు తప్పొప్పుకుని సంతకం పెడతాడు," అన్నాడు బూట్లతో. "అందరూ ఇళ్ళకు పోతారు. నువ్వేమో ఇక్కడ కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నావు."

"పీకనీ లోవెల్. ఒక్కోసారి దొరుకుతాయి," అంది కిందినుంచి గొంతు.

క్రాండల్ ఈ జిల్లా మనిషి. కేసు అతనిది. మైటే రాష్ట్ర రాజధాని బాయిసీ నుంచి వచ్చింది. భారీ వాహనాల ప్రమాదాలు చూసే విభాగంలో ఆమెకు పదకొండో ఏడు. అంతకుముందు ఆరేళ్ళు ఒక షెడ్డులో ట్రక్కుల బ్రేకులు బాగుచేసింది. ఆ ఆరేళ్ళ సంగతి క్రాండల్‌కు గిట్టదు. మెకానిక్కు చెప్పేదాన్ని డిటెక్టివు కాదనలేడు కదా, అదీ అతని బాధ.

కేసు చూడ్డానికి చిన్నదే. రెండు రోజుల కిందట ఓర్విన్ టిబెట్స్ అనే డ్రైవరు, బండీ బరువూ కలిపి ముప్పై ఆరు టన్నులతో, బంగాళాదుంపల లోడుతో కెటిల్ కనుమ దిగుతున్నాడు. ఘాట్ రోడ్డు సగం దిగేసరికి బ్రేకులు పట్టలేదు. అలాంటి బండ్లు దూరి ఆగడానికి ఐదో మైలు దగ్గర రోడ్డు పక్కన లోతుగా వదులు కంకర పోసిన దారి ఒకటుంది. ఓర్విన్ దాంట్లోకే తిప్పాడు. ఆ దారి నోట్లో, చలికాలం చల్లిన ఇసుకను ఊడ్చే బండి ఆగి ఉంది. దాంట్లో ఉన్న కోల్బీ హాన్‌సెట్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క చలానా కూడా లేని ఓర్విన్‌కు అరవై రెండేళ్ళ వయసులో పదేళ్ళ జైలు పడబోతోంది. అతను కాదనడంలేదు. మైటేకు నిద్ర పట్టనివ్వనిది అదే.

ఆమె బయటికి పాక్కుంటూ వచ్చి, మోచేతుల మట్టి దులుపుకుని, టార్చి అతని చేతిలో పెట్టింది.

"ముందు ట్రక్కు చక్రాలు చూడు. ఆరు బ్రేకు డ్రమ్ములూ ఏ రంగులో ఉన్నాయి?"

"నీలం. మాడి బీటలిచ్చాయి. నేను చెప్పేదీ అదేగా. దిగినంతసేపూ బ్రేకు మీద కాలు తియ్యకుండా తొక్కి మాడ్చేశాడు."

"ఇప్పుడు ట్రైలరు చక్రాలు నాలుగూ చూడు."

క్రాండల్ బద్ధకంగా వంగాడు. కాసేపు వంగే ఉన్నాడు.

"తుప్పు," అన్నాడు.

"పల్చటి తుప్పు. దాని మీద రోడ్డు ఉప్పు. బ్రేకు లైనింగు రాసుకుని ఉంటే అది అద్దంలా మెరవాలి. కొండ మీంచి దిగుతున్న బండికి పదిచోట్ల బ్రేకులుంటే ఆరే పనిచేశాయి. నలుగురు చచ్చుబడితే ఆరుగురు మోశారు. మాడిపోక ఏం చేస్తారు?"

"అసలు ఇంజన్ బ్రేకే వెయ్యలేదు వాడు. బండి కంప్యూటరు చెప్తోంది."

"మొదటి రెండు మైళ్ళు వెయ్యలేదు. అక్కడ రోడ్డు మీద కరిగిన మంచు. జారే రోడ్డు మీద ఇంజన్‌తో వేగం తగ్గించే ఆ బ్రేకు వేస్తే వెనక చక్రాలు పట్టేసి, ట్రైలరు పక్కకు తిరిగి ముందుకొచ్చేస్తుంది. తడి దాటగానే వేశాడు. కంప్యూటరు రిపోర్టు రెండో పేజీలో ఉంది, చదివినట్టు లేవు."

"నువ్వే చదువు."

"చదివా. పైనుంచి బయల్దేరింది పదీ నలభై ఆరుకి. ఐదో గేరు, గంటకు పాతిక మైళ్ళు. నాలుగు మైళ్ళలో పదకొండు సార్లు బ్రేకు నొక్కాడు. ప్రతిసారీ నాలుగైదు సెకన్లు గట్టిగా నొక్కి, స్పీడు ఐదు మైళ్ళు తగ్గగానే వదిలేశాడు. కొత్తవాళ్ళకు పాఠం చెప్పే పుస్తకంలో కూడా ఇంత శుభ్రంగా ఉండదు. పన్నెండోసారి నొక్కింది మాత్రం యాభై రెండు సెకన్లు. పదీ యాభై ఏడుకి గుద్దేదాకా."

క్రాండల్ టార్చి ఆర్పేశాడు. అతను చెడ్డవాడు కాదు, మొండివాడు. కోల్బీ తల్లి రెండు రోజులుగా అతని ఆఫీసు వరండాలోనే కూర్చుని ఉంది. ఆమెకు ఏదో ఒకటి తేల్చి చెప్పాలని అతని తొందర.

"నీకో మాట చెప్తా, నొచ్చుకోకు," అన్నాడు. "ట్రైలరు బ్రేకులు ఎందుకు చచ్చాయో వాడే చెప్పాడు. పొద్దున వాంగ్మూలం ఇచ్చాడు. కొండ మీద బ్రేకులు చూసుకునే చోట ఆపి, వదులుగా ఉన్నాయని తనే స్పానరుతో బిగించాట్ట. ముట్టుకోకూడనిదాన్ని ముట్టుకుని పాడుచేశాడు. ఇంకేం కావాలి నీకు?"

మైటే ట్రైలరు కింద చూసింది కూడా ఆ బిగింపునే. బ్రేకు అరిగేకొద్దీ దాని బిగువును తనంతట తానే సరిచేసుకునే ఇనప మీట ఒకటి ప్రతి చక్రం దగ్గరా ఉంటుంది. మెకానిక్కులు దాన్ని స్లాక్ అంటారు. దాన్ని చేత్తో బిగించకూడదు. లోపల అరిగిపోయినదాన్ని బిగిస్తే తనిఖీ నాటికి బాగానే కనిపిస్తుంది, నాలుగు రోజుల్లో మళ్ళీ వదులైపోతుంది. నాలుగు స్లాకుల బోల్టుల మీదా తాజా స్పానరు గీతలు మెరుస్తున్నాయి. గాలి ఎక్కించి బ్రేకు నొక్కిస్తే, దాన్ని నెట్టే కడ్డీ రెండంగుళాలు దాటకూడనిది రెండున్నర దాకా బయటికొచ్చింది.

"అతన్ని ఇక్కడికి రప్పించాను," అంది.

"ఎవర్నడిగి?"

"అతని వకీలుని. నువ్వు భోంచేస్తున్నావు."

క్రాండల్ ఏదో అనబోయాడు. జైలు వ్యాను అప్పటికే గేటు దాటి లోపలికొస్తోంది.

*

ఓర్విన్ టిబెట్స్ పొడుగాటి మనిషి. వ్యానులోంచి దిగేటప్పుడు కుడి మోకాలు పట్టుకుని దిగాడు. నుజ్జయిన తన ట్రక్కు వైపు చూడకుండా నేలచూపులు చూస్తూ వచ్చాడు. మైటే అతనికి ఒక బకెట్టు బోర్లించి వేసి కూర్చోమంది. బేడీలు తియ్యమంటే క్రాండల్ ఒప్పుకోలేదు.

"ఓర్విన్ గారూ, తిన్నారా?"

"తిన్నానమ్మా. సాండ్‌విచ్ ఇచ్చారు."

"కొండ మీద ఎంతసేపు ఆగారు?"

"ఒక అరగంట ఉంటుంది."

"కంప్యూటరు నాలుగు నిమిషాలంటోంది. పదీ నలభై రెండు నుంచి నలభై ఆరు దాకా."

ముసలాయన పెదాలు తడుపుకున్నాడు. "అయితే నాలుగే అయ్యుంటుంది."

"ఆ నాలుగు నిమిషాల్లోనే నాలుగు చక్రాలూ బిగించారా?"

"చెయ్యి తిరిగిన పని. ముప్పై నాలుగేళ్ళు తోలా."

"వింటున్నావా లోవెల్?" మైటే వెనక్కి తిరిగింది. "మొన్న నువ్వు పత్రికలవాళ్ళతో ఏమన్నావ్? నాలుగు నిమిషాల్లో ఎవడైనా బ్రేకులు చూడగలడా, చుట్టూ తిరిగి టైర్లు తన్ని వచ్చేశాడు అన్నావు. ఇవాళ అదే నాలుగు నిమిషాల్లో మంచు బురదలో వెల్లకిలా పడుకుని నాలుగు చక్రాలు బిగించాడంటున్నావు. ఆ మోకాలితో! ఏదో ఒకటి తేల్చుకో."

"వాడు చెప్పాడు, నేను రాసుకున్నా," అన్నాడు క్రాండల్. మెడ ఎర్రబడింది.

మైటే సాక్ష్యం వస్తువుల సంచీలోంచి ఒక స్పానరు తీసింది. పట్టిపట్టి పిడి నునుపు తేలిన పాత స్పానరు. ఓర్విన్ కాబిన్‌లో సీటు పక్కన దొరికింది అదొక్కటే.

"దీంతోనేనా?"

"దాంతోనే."

"చూపించండి. ఆఖరి చక్రం నేలకి ఎత్తుగానే ఉంది, వంగక్కర్లేదు. చెయ్యి పెడితే అందుతుంది."

ఓర్విన్ లేచాడు. బేడీల చేతులతోనే స్పానరు అందుకుని చక్రం వెనక బోల్టుకి తగిలించాడు. తిప్పాడు. స్పానరు వదులుగా గిర్రున తిరిగింది. బోల్టు కదల్లేదు. మళ్ళీ తగిలించాడు, మళ్ళీ తిరిగింది. మూడోసారి ప్రయత్నించకుండా అలాగే నిలబడిపోయాడు.

"అది తొమ్మిది బై పదహారు అంగుళాల స్పానరు," అంది మైటే మెల్లగా. "పాత రోజుల్లో చేత్తో బిగించే స్లాకులకి సరిపోయేది. మీ వయసు డ్రైవర్లందరి దగ్గరా ఉంటుంది, మా నాన్న పెట్టెలోనూ ఉంది. ఈ బోల్టు ఏడు బై పదహారు. ఈ స్పానరుతో దీన్ని బిగించడం మీవల్ల కాదు, ఎవరివల్లా కాదు. మీరు దాన్ని ముట్టుకోలేదు ఓర్విన్ గారూ. ముట్టుకున్నదెవరు?"

ఆయన మళ్ళీ బకెట్టు మీద కూలబడ్డాడు. క్రాండల్ దగ్గరికొచ్చి స్పానరు తీసుకుని తనే బోల్టుకి పెట్టి చూశాడు. రెండుసార్లు తిప్పి, మైటే చేతికిచ్చేశాడు.

"నన్ను లోపలెయ్యండమ్మా, పోతుంది," అన్నాడు ఓర్విన్. "నేనూ తప్పు చేశాను. కిందికి దూరి చూడాల్సింది. దూరలేదు. తనిఖీ కాగితం మీద సంతకం చూసి, మనవాడేగా చేసిందని టైర్లు తన్ని ఎక్కి కూర్చున్నా. ముప్పై నాలుగేళ్ళలో ఆ ఒక్కరోజే దూరలేదు. ఆ పిల్లాడు నన్ను చూశాడమ్మా. అద్దంలోంచి చూసి చెయ్యి కూడా ఎత్తాడు."

ఆయనకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని మైటేకి అనిపించింది. ఆమె పక్కనే నేలమీద కూర్చుంది.

"మనవాడంటే?"

ఓర్విన్ తల దించుకున్నాడు.

"మీ కంపెనీ షెడ్డులో మెకానిక్కులు ముగ్గురే. కాగితం మీద రెండక్షరాల పొట్టి సంతకం ఉంది. గంటలో నేనే కనుక్కోగలను. కానీ నాకు గంట టైము లేదు. మీకు తెలుసా, షెడ్డులో పనిచేసినప్పుడు మేమూ చేశాం ఈ పని. సామాను రాదు, బండి పంపమని పైవాడు నెత్తిమీద కూర్చుంటాడు, ఒక మెలి తిప్పి సంతకం పెట్టేస్తాం. ఎప్పుడూ ఒక్క బండికి చెయ్యం. వరసలో ఉన్నవాటన్నిటికీ చేస్తాం."

ఓర్విన్ తల ఎత్తాడు.

"ఎన్నిటికి చేశాడు, ఓర్విన్ గారూ?"

"మూడు," అన్నాడు ఆయన. మింగలేక కక్కలేక రెండు రోజులుగా గొంతులో ఉన్న మాట అది. "నా బండి నంబరు ముప్పై ఒకటి. ఇంకా ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది. ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చాడు. కానీ అవి కదలవమ్మా. ఈ డిటెక్టివుగారు వాటిని కదపకూడదని ఎర్ర చీటీ కట్టించాడుగా. అందుకే నోరు మూసుకున్నా. అవి ఆగి ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాదు. వాడికి ముగ్గురాడపిల్లలు. మా ఆవిడ లూసిల్ పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని చెప్పింది ఒక్కటే మాట. నా తమ్ముణ్ణి చూసుకో అని. నాకు పిల్లల్లేరు, ఆమే లేదు. నేను లోపలుంటే ఎవరికి లోటు?"

క్రాండల్ మొహం పాలిపోవడం మైటే కంటపడింది.

"లోవెల్?"

"పన్నెండింటికి చీటీలు తీయించా," అన్నాడు క్రాండల్. "డ్రైవరే ఒప్పుకున్నాక మా బండ్లు ఎందుకు ఆపారని కంపెనీవాళ్ళు అడిగారు. నిజమే కదా అనుకుని సంతకం పెట్టా."

మైటే అప్పటికే ఫోను తీసింది. కంపెనీ యార్డు కనుమకు అవతలి పక్కనుంది. ఫోనెత్తినామె పుస్తకం చూసి చెప్పింది. ముప్పై ఆరు పన్నెండున్నరకి లోడుతో బయల్దేరింది, డ్రైవరు జోలీన్ పేక్. ముప్పై ఎనిమిది కూడా యార్డులో లేదు, ఎవరు తీసుకెళ్ళారో పుస్తకంలో రాయలేదు.

గడియారం ఒకటీ యాభై రెండు. పన్నెండున్నరకి బయల్దేరిన బండి ఈపాటికి కొండెక్కి దిగుతూ ఉండాలి. జోలీన్‌కి ఫోన్ చేస్తే మోగనే లేదు. లోయలో సిగ్నలు ఉండదు.

"రేడియో," అన్నాడు ఓర్విన్. యార్డు మూల నిలబడున్న బండ్లు లాగే ట్రక్కును బేడీల చేతులతో చూపించాడు. "దాంట్లో ఉంటుంది. పంతొమ్మిదో చానల్. కొండ మీద అందరూ అదే వింటారు."

ముగ్గురూ పరుగెత్తారు. మోకాలు సంగతి ఆయన మర్చిపోయాడు. మైటే మైకు లాగి మీట నొక్కింది.

"జోలీన్ పేక్! కెటిల్ కనుమ మీద జోలీన్ పేక్! పోలీసు. వినిపిస్తోందా?"

గరగర. తర్వాత ఒక ఆడగొంతు, బిగుసుకుపోయి. "వినిపిస్తోంది. మాట్లాడే తీరిక లేదు. బ్రేకు నొక్కుతున్నా పట్టటంలేదు. అద్దంలో పొగ."

మైటే ఆరేళ్ళు బ్రేకులు బాగుచేసింది కానీ, ముప్పై ఆరు టన్నులు వీపు మీద పెట్టుకుని ఎప్పుడూ కొండ దిగలేదు. మైకు ఓర్విన్ చేతిలో పెట్టింది. క్రాండల్ అడ్డు చెప్పలేదు. జేబులోంచి తాళంచెవి తీసి బేడీలు విప్పాడు.

"అమ్మాయ్, ఎంత స్పీడు? ఏ గేరు?"

"నలభై రెండు. ఎనిమిది. ఎవరు నువ్వు?"

"ఓర్విన్ టిబెట్స్‌ని."

జోలీన్ గొంతు కరుకైంది. "కోల్బీని చంపినోడివి. బ్రేకులు మాడ్చుకున్నోడివి నాకు చెప్తావా? పక్కకి తప్పుకో. గేరు దించుతున్నా."

"దించకు! చచ్చిపోతావ్!" ఓర్విన్ అరిచాడు. "ఈ స్పీడులో ఒక్కసారి బయటికి లాగితే మళ్ళీ ఏ గేరూ పడదు. నా మాట విను. నీ డ్రైవింగు తప్పు కాదు, నాదీ కాదు. నీ వెనక ట్రైలరుకి బ్రేకుల్లేవు. బాగుచెయ్యకుండా బిగించి సంతకం పెట్టి పంపారు. పెట్టింది వెండెల్ స్నో. నా బావమరిది. నా భార్య తమ్ముడు. విన్నావా? నా నోటితో నేను చెప్తున్నా."

ఆ చానల్లో చెప్పిన మాట సాయంత్రానికి రెండు జిల్లాల్లో ప్రతి టీ బల్ల దగ్గరా ఉంటుంది. అది ఆయనకు తెలుసు.

"విన్నా," అంది జోలీన్, ఈసారి చిన్నపిల్లలా. "చెప్పు. ఏం చెయ్యాలి?"

"రోడ్డు పొడిగా ఉందా? ఇంజన్ బ్రేకు మొత్తం వేసెయ్. కాలు తీసెయ్, ఉన్న కాస్త బ్రేకునీ దాచుకో. ఏ మైలు దాటావు?"

"నాలుగు. నలభై ఎనిమిదికి వచ్చింది."

"మలుపు వస్తుంది. దానికి ముందు, లోపల కాదు, ముందు, ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలెయ్. తర్వాత కుడిపక్క కంకర దారి."

"అది మూసేశారు! డబ్బాలు పెట్టారు!"

"ప్లాస్టిక్ డబ్బాలే. గుద్దెయ్. లోపల కంకర చెదరలేదు. నేను లోపలిదాకా పోలేదమ్మా. కోల్బీ బండే నన్ను ఆపింది. స్టీరింగు నిటారుగా పట్టుకో. బండి మీద జాలిపడకు."

క్రాండల్ తన రేడియోలో అరుస్తున్నాడు, ఐదో మైలు దగ్గర తనవాళ్ళెవరైనా ఉంటే రోడ్డు వదిలి పైకెక్కమని. చానల్లో టప్ టప్‌మని ఏవో పగిలాయి. తర్వాత రాళ్ళ వాన కురిసినట్టు ఒక చప్పుడు, సాగి సాగి, ఆగింది.

"జోలీన్?"

గరగర.

"అమ్మాయ్?"

"ఆగింది," అంది జోలీన్. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఆగింది పెద్దాయనా. ఇరుసుల దాకా దిగబడిపోయా. కంకర దారికి అడ్డంగా ఉన్నా. ముందుకు కదల్లేను, వెనక్కి రాలేను."

క్రాండల్ ట్రక్కు తలుపుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మైటే ఓర్విన్ భుజం మీద చెయ్యి వేసింది. ఆయన మైకు కింద పెట్టబోతుండగా చానల్లో ఇంకో గొంతు వచ్చింది. మగగొంతు. వెనకాల ఇంజను అదుపుతప్పి ఊళ వేస్తోంది.

"బావా, నా పేరు చెప్పిందాకా విన్నా, తర్వాత అందలేదు. నువ్వు చెప్పింది నిజమే. ముప్పై ఎనిమిది నేనే తెచ్చా. ఇంకొకడి చేతికిచ్చి పంపలేకపోయా. మెల్లగా నేనే దింపేసుకుందాం అనుకున్నా. మూడో మైలు దాటేశా బావా, పట్టటంలేదు. కంకర దారి ఖాళీగా ఉందా?"